అరకు, దేవమాలి ఎక్కే కారుకి ఏ పెట్రోల్ కొట్టించాలి: మామూలుదా, హై ఆక్టేనా?

టెక్కలి నుంచి ఒకాయన అడిగిన ప్రశ్న ఇది, క్లుప్తంగా: "నాది బీఎస్‌-6 పెట్రోల్ కారు, టర్బో లేదు. నెలాఖరున పిల్లలతో అరకు వెళ్ళి, అట్నుంచి ఒడిశాలోకి దాటి దేవమాలి చూసుకుని, సాలూరు మీదుగా దిగుదామనుకుంటున్నాం. పైన గాలి పల్చగా ఉంటుంది కాబట్టి హై ఆక్టేన్ కొట్టించకపోతే బండి లాగదని మా బావమరిది అంటున్నాడు. అమెరికాలో ఉన్న స్నేహితుడేమో వాళ్ళ దగ్గర కొండ ప్రాంతాల బంకుల్లో తక్కువ ఆక్టేన్ పెట్రోలే అమ్ముతారంటున్నాడు. ఎవరి మాట వినాలి? వచ్చే ఏడు లద్దాఖ్ కూడా అనుకుంటున్నాం."

ముందు జవాబు చెప్పేస్తాను. మీ కారు మాన్యువల్లో ఏ ఆక్టేన్ రాసుందో అదే కొట్టించండి. కొండ ఎక్కుతున్నామని పెంచక్కర్లేదు, తగ్గించనూ కూడదు. మీ బావమరిది చెప్పింది తలకిందులు. మీ స్నేహితుడు చెప్పింది నిజమే గాని ఆ నిజం పాత బళ్ళది.

నాకు విజయనగరంలో గ్యారేజీ ఉంది. పైడితల్లమ్మ సిరిమాను అయిన దగ్గర్నుంచి సంక్రాంతి సెలవులు ముగిసేదాకా అరకు వైపు, కోరాపుట్ వైపు పోయే బళ్ళు వెళ్ళేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి మా గుమ్మం తొక్కుతాయి. ఈ ఆక్టేన్ ప్రశ్న ప్రతి సీజన్లో వస్తుంది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఆక్టేన్ అంటే పెట్రోల్లో ఉన్న బలం అనుకునేవాళ్ళే ఎక్కువ. బలంతో దానికి సంబంధం లేదు. లీటరు 91 ఆక్టేన్ పెట్రోల్లో ఎంత శక్తి ఉంటుందో లీటరు 95 ఆక్టేన్‌లోనూ దరిదాపు అంతే ఉంటుంది. పెట్రోల్ గాలితో కలిసి సిలిండర్లో నలుగుతున్నప్పుడు, ప్లగ్ అంటించిన మంట తన దాకా రాకముందే తనంతట తాను భగ్గుమనకుండా ఎంతవరకు ఓర్చుకుంటుందో చెప్పే అంకె అది. ఓర్చుకోలేకపోతే నాకింగ్ వస్తుంది. ఎక్కుడులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే రేకు డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు వినిపిస్తుంది చూడండి, అదే. ఆ చప్పుడు మీదే బండి తోలుతూ పోతే పిస్టన్ పైభాగం, హెడ్ గాస్కెట్ దెబ్బతింటాయి.

నాకింగ్ రావడానికి కావాల్సింది ముఖ్యంగా రెండు: సిలిండర్లో ఒత్తిడి, వేడి. ఇప్పుడు కొండ సంగతి చూడండి. శ్రీకాకుళం దాదాపు సముద్రమట్టంలో ఉంది. అరకు 900 మీటర్ల పైచిలుకు ఎత్తు. అక్కడ గాలి ఒత్తిడి మన దగ్గరకంటే పది శాతం తక్కువ. దేవమాలి 1,672 మీటర్లు, ఒడిశాలో అంతకంటే ఎత్తైన శిఖరం లేదు. అక్కడ పద్దెనిమిది శాతం తక్కువ. బయట గాలి ఒత్తిడి తగ్గితే ఇంజన్ పీల్చుకునే గాలీ తగ్గుతుంది, పిస్టన్ పైకొచ్చేసరికి సిలిండర్లో పుట్టే ఒత్తిడీ తగ్గుతుంది. దానికి తోడు పైన చల్లగా ఉంటుంది. అంటే పెట్రోల్‌కి ఓర్చుకోవాల్సిన అవసరమే తగ్గిపోయింది. ఎత్తుకు పోయేకొద్దీ ఇంజన్ తక్కువ ఆక్టేన్‌తో సరిపెట్టుకోగలదు.

మరి బండి లాగదంటారే, అంటారా? లాగదు. ప్రతి వెయ్యి అడుగులకి టర్బో (గాలిని ఒత్తి ఇంజన్లోకి నెట్టే పంకా) లేని ఇంజన్ బలం సుమారు మూడు శాతం పడిపోతుంది. అరకులో పది శాతం దాకా, దేవమాలిలో పదహారు పదిహేడు శాతం. పోయింది గాలి. వంద ఆక్టేన్ పోసినా పోయిన గాలి తిరిగిరాదు. ప్రీమియం పెట్రోల్ కొట్టించాక అనంతగిరి ఎక్కుడులో బండి దుమ్ము రేపిందని చెప్పేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. చాలాసార్లు అది ఎక్కువ డబ్బు పెట్టామన్న తృప్తి తప్ప ఇంకేం కాదు.

అమెరికాలో 85 కథ. కొలరాడో, యూటా, వయోమింగ్ లాంటి రాకీ పర్వతాల రాష్ట్రాల్లో బంకుల్లో 85 అని ఉంటుంది. మిగతా చోట్ల కనీసం 87. ముందు ఈ అంకెల లెక్కే వేరు. మన ఆర్‌ఓఎన్ అనే ఆక్టేన్ లెక్కకంటే వాళ్ళ అంకె నాలుగైదు తక్కువ కనిపిస్తుంది. వాళ్ళ 87 మనకి 91, 92తో సమానం. వాళ్ళ 85 అంటే మన 89, 90. ఆ అలవాటు కార్బురేటర్ కాలంలో మొదలైంది. అప్పటి ఇంజన్లకి వెయ్యి అడుగులు ఎక్కితే ఒక పాయింటు పైనే అవసరం తగ్గేది. ఇప్పటి కార్లలో ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్, ఊరుకోదు. ఒత్తిడి తగ్గిందని సెన్సర్ చెప్పగానే ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్ నిప్పు అంటించే సమయం) ముందుకి జరిపి, ఉన్న గాలిలోంచే వీలైనంత పని పిండుకుంటుంది. దాంతో ఎత్తు వల్ల మిగిలిన వెసులుబాటులో చాలా భాగం అక్కడే ఖర్చయిపోతుంది. అందుకే ఆ రాష్ట్రాల్లో కూడా కొత్త కార్ల మాన్యువళ్ళు 87 కంటే తక్కువ వద్దంటాయి. పైగా 85 కొట్టించి కొండ దిగితే ట్యాంకులో అదే పెట్రోల్, కింద నిండు ఒత్తిడి, ఎండ. నాకింగ్‌కి దొరికిపోతారు.

మన దగ్గర ఈ చిక్కే లేదు. అరకు బంకులో కొండ కోసమని వేరే తక్కువ రకం అమ్మరు. విశాఖలో ఏది అమ్ముతారో అక్కడా అదే. 2020 ఏప్రిల్లో బీఎస్‌-6 వచ్చినప్పుడు మామూలు పెట్రోల్‌కి కనీసం 91 అన్నారు, ఎప్పుడో పాతకాలంలో 88 ఉండేది. ఆ తర్వాత ఇథనాల్ కలపడం పెరిగింది. ఇథనాల్ ఆక్టేన్ 108 దాటి ఉంటుంది. ఇరవై శాతం కలిసిన ఈ20 పెట్రోల్ ఆక్టేన్ 95 అని పెట్రోలియం శాఖే 2025లో చెప్పింది. అంటే మీరు మామూలు గన్‌తో కొట్టించుకున్నా మాన్యువల్ అడిగే 91 దాటే ఉంది. మైలేజీ కొంచెం తగ్గిందని ఇథనాల్‌ని తిట్టుకోవచ్చు, నేనూ తిట్టుకుంటాను. నాకింగ్ విషయంలో మాత్రం అది మీకు మేలే చేస్తోంది.

ఎక్స్‌పీ95, పవర్95, స్పీడ్97, ఎక్స్‌పీ100 లాంటివి ఎవరికంటే, మాన్యువల్లో 95 లేదా అంతకు మించి అని రాసిన బళ్ళకి. కొన్ని జర్మన్ కార్లు, పెద్ద స్పోర్ట్స్ బైకులు. మీ బండి వాటిలో లేదు. సీసాల్లో అమ్మే ఆక్టేన్ బూస్టర్ల జోలికి అసలు పోవద్దు.

ఇక అసలు సంగతి. ఘాట్‌లో నాకింగ్ వస్తే అది సాధారణంగా కింది సగంలో వస్తుంది, పై సగంలో కాదు. బొడ్డవర దాటి ఎక్కుడు మొదలైనప్పుడు ఎత్తు ఇంకా లేదు, గాలి ఒత్తిడి నిండుగా ఉంది, ఎండ ఉంది, బండినిండా మనుషులు, డిక్కీలో సామాన్లు, ఏసీ ఫుల్లు. పైకి పోయేకొద్దీ గాలి పల్చబడుతుంది, చల్లబడుతుంది, చప్పుడు దానంతటదే తగ్గుతుంది. డిసెంబర్లో బాగున్న బండి మే నెలలో అదే మలుపు దగ్గర టకటకలాడటానికి కారణం ఇదే.

బొబ్బిలి నుంచి ఒకాయన వచ్చాడు, సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు బండి టకటకమంటోందని. బంకువాడు కల్తీ పెట్రోల్ పోశాడని ఆయన నమ్మకం. పక్కన కూర్చుని ఎస్.కోట దాకా పోయి ఘాట్ ఎక్కించాను. నాలుగో గేరులో ముప్పై మీద యాక్సిలరేటర్ అడుగంటా తొక్కుతున్నాడు, మైలేజీ వస్తుందని. రెండుకి దించమన్నాను. చప్పుడు అక్కడితో పోయింది. పెట్రోల్ అదే, రోడ్డు అదే, ఎండా అదే. తక్కువ తిరుగుళ్ళలో ఇంజన్‌ని బలవంతంగా లాగిస్తే సిలిండర్లో వాయువు ఆ ఒత్తిడిలో ఎక్కువసేపు నలుగుతుంది, మంట చేరేలోపు తనంతట అంటుకోడానికి దానికి టైము దొరుకుతుంది. గేరు దించి తిరుగుళ్ళు పెంచితే ఆ టైము ఉండదు. సాలూరు లారీ డ్రైవర్లకి ఆక్టేన్ అంకెలతో పని లేదు, వాళ్ళది డీజిల్. గాని ఎక్కుడులో గేరు ఎప్పుడు దించాలో వాళ్ళని చూసి నేర్చుకోవాలి. ఇంజన్ మూలగక ముందే దించేస్తారు.

మీది ఏఎంటీ (క్లచ్ లేకుండా గేర్లు తనే మార్చుకునే బండి) అయితే మాన్యువల్ మోడ్‌లో పెట్టి రెండులో ఉంచండి. దానికి వదిలేస్తే ప్రతి మలుపులో రెండా మూడా అని తేల్చుకోలేక ఊగుతుంది.

గేరు సరిగ్గా వేసినా చప్పుడు వస్తోందంటే అప్పుడు బండిలో వెతకాలి. పార్వతీపురం నుంచి ఒక టాక్సీ వచ్చింది. ఎంత దించినా టకటక పోదు, 95 పోసి చూశారట, కొంత తగ్గింది గాని పోలేదు. విప్పి చూస్తే కూలెంట్ బదులు ఏళ్ళ తరబడి బోరు నీళ్ళు పోస్తున్నారు. హెడ్ చుట్టూ నీళ్ళు తిరిగే దారుల్లో తుప్పు, సున్నం పేరుకుపోయి వేడి బయటికి పోవట్లేదు. శుభ్రం చేసి, సరైన కూలెంట్ పోసి, థర్మోస్టాట్ మార్చాక మామూలు పెట్రోల్‌తోనే తిరుగుతోంది. ఇలాంటి బండికి హై ఆక్టేన్ పోస్తే జబ్బు కనపడకుండా పోతుంది, ఉండిపోతుంది. పిస్టన్ మీద కార్బన్ పేరుకున్నా, తప్పు రకం ప్లగ్గులు వేసినా ఇదే లక్షణం. బయల్దేరే ముందు కూలెంట్ మట్టం, రేడియేటర్ ఫ్యాన్, ఎయిర్ ఫిల్టర్ చూపించుకోండి. ఉన్నదే తక్కువ గాలి, అది కూడా మట్టి పట్టిన ఫిల్టర్లోంచి పీల్చమంటే ఎలా?

ఇక్కడ ఒక మాట. ఇప్పటి కార్లలో చాలావాటికి నాక్ సెన్సర్ ఉంటుంది. చప్పుడు మీ చెవిదాకా రాకముందే అది పసిగట్టి టైమింగ్ వెనక్కి లాగేస్తుంది. మీకు వినపడదు, పికప్ చచ్చిపోయినట్టు మాత్రం అనిపిస్తుంది. మే నెల మధ్యాహ్నం, ఏడుగురు ఎక్కిన బండి, మాన్యువల్లో "91 కనీసం, 95 మంచిది" అని రాసుంటే, అప్పుడు 95 వల్ల కొద్దిగా తేడా తెలుస్తుంది. ఆ తేడాకి కారణం ఎండ, బరువు. ఎత్తుకి అందులో పాత్ర లేదు.

టర్బో పెట్రోల్ అయితే లెక్క మారుతుంది. మీది కాదన్నారు గాని, చదివేవాళ్ళలో నెక్సాన్, సెల్టోస్ టర్బో వాళ్ళు ఉంటారు. టర్బో బయట గాలి పల్చబడితే ఇంకా వేగంగా తిరిగి లోపల ఒత్తిడి తగ్గకుండా చూస్తుంది. అరకు ఎత్తుకి ఆ బళ్ళకి బలం తగ్గినట్టే తెలియదు. సిలిండర్లో ఒత్తిడి కిందలాగే ఉంది కాబట్టి ఆక్టేన్ అవసరమూ కిందలాగే ఉంటుంది. గట్టిగా తిరిగిన టర్బోలోంచి వచ్చే గాలి ఇంకొంచెం వేడిగా ఉంటుంది కూడా. కాబట్టి "ఎత్తులో తక్కువ ఆక్టేన్ చాలు" అన్న మాట వీళ్ళకి బొత్తిగా వర్తించదు. మాన్యువల్లో 95 అని ఉంటే కొండ మీదా 95 పడాల్సిందే.

కార్బురేటర్ బైకుల మీద వెళ్ళే కుర్రాళ్ళకి ఇంకో రకం ఇబ్బంది. 2020కి ముందు కొన్న స్ప్లెండర్లు, పాత బుల్లెట్లు మన జిల్లాల్లో ఇంకా బోలెడు. కార్బురేటర్‌కి గాలి పల్చబడిందని తెలియదు, దాదాపు అదే పెట్రోల్ పంపుతుంది. మిక్చర్ రిచ్ అయిపోతుంది, అంటే గాలికి తగినదానికంటే పెట్రోల్ ఎక్కువవుతుంది. అరకు ఎత్తులో నాలుగైదు శాతం. పొద్దున్నే స్టార్ట్ అవ్వదు, అయినా నల్లపొగ, ప్లగ్ మసి పట్టేస్తుంది. ఆక్టేన్ మార్చితే ఇది పోదు. తమాషా ఏంటంటే ఈ20 పెట్రోల్ పాత కార్బురేటర్లని ఏడెనిమిది శాతం లీన్ చేస్తుంది (పెట్రోల్ పాలు తక్కువైనట్టు), ఇథనాల్లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి. కొండ రిచ్ చేస్తే పెట్రోల్ లీన్ చేస్తోంది. కింద తిరిగేటప్పుడు కొట్టుకుంటూ నడిచే పాత బైకు అరకులో మెత్తగా నడిచిందని చెప్పేవాళ్ళున్నారు, నేను నమ్ముతాను. కాబట్టి అరకు కోసం కార్బురేటర్లో పెట్రోల్ కొలిచి వదిలే జెట్లు మార్చకండి. చోక్ లాగి మర్చిపోకుండా ఉంటే చాలు.

పెట్రోల్ రకం కంటే పెట్రోల్ శుభ్రం మీద నాకు పట్టింపు ఎక్కువ. ఎస్.కోటలో గాని, తిరుగుదారి కోసం ఒడిశా వైపు పట్టణంలో గాని రద్దీగా ఉండే బంకులో నింపుకోండి. ఏజెన్సీ ఊళ్ళలో కిళ్ళీబడ్డీల దగ్గర సీసాల్లో పోసి అమ్మే పెట్రోల్ ప్రాణం మీదికొస్తే తప్ప వద్దు. అందులో కిరోసిన్ కలిసిందంటే ఆక్టేన్ ఒక్కసారిగా పడిపోతుంది, నీళ్ళు కలిసిందంటే బండి అక్కడే ఆగుతుంది. అనుమానం వస్తే బంకులో ఫిల్టర్ పేపర్ అడగండి, ఇవ్వాల్సిన బాధ్యత వాళ్ళది. నాజిల్ నుంచి ఒక చుక్క వేస్తే రెండు నిమిషాల్లో ఆరిపోయి మరక మిగలకూడదు.

గన్ కట్ అయ్యాక ఇంకా నొక్కి మూతిదాకా నింపించకండి. ఎత్తు పెరిగేకొద్దీ పెట్రోల్ ఆవిరయ్యే గుణం పెరుగుతుంది, ఆ ఆవిరిని పట్టుకునే క్యానిస్టర్‌లోకి పెట్రోలే పోతే తర్వాత దాన్ని మార్చుకోవాలి. పైన మూత తీస్తే బుస్సుమంటుంది, కంగారు పడకండి.

దిగుడు గురించి రెండే మాటలు. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి. న్యూట్రల్ వేసి పెట్రోల్ ఆదా చేద్దామనుకోవద్దు. ఇంజెక్షన్ ఇంజన్ గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే పెట్రోల్ పూర్తిగా ఆపేస్తుంది, న్యూట్రల్లోనే ఐడిల్ కోసం తాగుతుంది. సుంకి నుంచి సాలూరు దాకా బ్రేకుల మీదే దిగి, కింద చక్రాలు కాలిన వాసనతో వచ్చే బళ్ళు మాకు కొత్త కాదు.

లద్దాఖ్ సంగతి. లేహ్ 3,500 మీటర్లు, అక్కడ గాలి ఒత్తిడి మన దగ్గర ఉన్నదాంట్లో మూడింట రెండు వంతులు. ఖార్దుంగ్ లా 5,359 మీటర్లు, దాదాపు సగం. మీ కారు బలం కూడా అక్కడ సగానికి దగ్గరవుతుంది. ఆక్టేన్ జవాబు మాత్రం మారదు. మామూలు పెట్రోలే, మాన్యువల్ చెప్పిందే. అంత ఎత్తులో టర్బో లేని ఇంజన్‌కి నాకింగ్ రావడమే కష్టం. అక్కడ ఆలోచించాల్సింది పెట్రోల్ ఎక్కడ దొరుకుతుందన్నది. మనాలి దారిలో టాండీ బంకు దగ్గర, తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో అని బోర్డు ఉండటం ఆ దారిన పోయినవాళ్ళందరికీ తెలుసు. ఎత్తులో మొదటి, రెండో గేర్లలోనే పోవాల్సి వస్తుంది కాబట్టి మీ మామూలు మైలేజీ లెక్కతో ఆ దూరం కొలవకండి. అక్కడ ట్యాంకు నింపి, ఇనుప జెర్రీక్యాన్లో ఇంకొంచెం పెట్టుకోండి. క్యాన్ పైన ఖాళీ ఉంచండి, పైకి పోయాక తెరిచేటప్పుడు మూత నెమ్మదిగా తిప్పి ఆవిరి పోనిచ్చాకే పూర్తిగా తీయండి, దగ్గర్లో ఎవరూ సిగరెట్ కాల్చకుండా చూసుకుని.

డీజిల్ కారు మీద లద్దాఖ్ అనుకునేవాళ్ళకి ఆక్టేన్ ప్రశ్నే లేదు. చలికాలంలో పోతే డీజిల్ గడ్డకట్టడమే భయం. ఇండియన్ ఆయిల్ 2019లో మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టని వింటర్ డీజిల్ తెచ్చింది ఆ ప్రాంతం కోసమే. మన దగ్గర నింపిన ట్యాంకుతో జనవరిలో అక్కడ రాత్రి బండి ఆపితే పొద్దున్న కదలదు.

మీ ఇంజన్ ఏదో, ఏ సంవత్సరం మోడలో రాయలేదు. పెట్రోల్ ట్యాంకు మూత లోపలి స్టిక్కర్ ఫోటో ఒకటి పెట్టండి. అందులో ఈ20 అని ఉందో లేదో చూసి, 2023కి ముందు బండి అయితే ఫ్యూయల్ పైపులు, రబ్బరు సీళ్ళ సంగతి విడిగా చెబుతాను.